మా ఇంట్లో మీరు వెతికేదేమిటి?

2020 ఏప్రిల్ 25న చిత్రకారిణి జరీనా హష్మీ లండన్‌లో కన్నుమూసింది. ఆ రోజు మన దగ్గర రంజాన్ మొదటి రోజా. మసీదులకు తాళాలు. వీధుల్లో పోలీసులు. టీవీ పెడితే చాలు, దేశంలోకి రోగాన్ని మోసుకొచ్చింది మేమేనని గొంతులు చించుకుంటున్న రోజులు. కూరగాయల బండివాణ్ణి పేరడిగి గల్లీలోకి రానియ్యని రోజులు. అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగీలను బలిపశువుల్ని చేశారని తీర్పు చెప్పింది. ఏప్రిల్‌లో అరిచిన గొంతులేవీ ఆగస్టులో క్షమించమని అడగలేదు.

ఆ రోజుల్లో మేము జరీనా మీద రెండు వ్యాసాలు రాశాం. ఒకటి తెలుగులో, ఒకటి ఉర్దూలో. రెండు భాషల్లోనూ అన్నం తింటున్నవాళ్లం కనుక రెండు చోట్లకూ పంపించాం. తెలుగు పత్రిక సంపాదక మిత్రుడు ఫోన్ చేశాడు. "వ్యాసం బాగుందండీ. కానీ ఇందులో ముస్లిం ఏముంది? అన్నీ గీతలు, గళ్లు. ఒక మసీదు లేదు, ఒక బుర్ఖా లేదు. మన పాఠకుడికి ఎట్లా అందుతుంది?" అన్నాడు. ఉర్దూ పత్రిక పెద్దమనిషి కూడా ఫోన్ చేశాడు. "మియా, ఇందులో తస్వీర్ ఎక్కడుంది? స్కేలు పెట్టి గీస్తే మా మనవడు కూడా గీస్తాడు కదా!" అని నవ్వాడు. రెండు వ్యాసాలూ అచ్చు కాలేదు.

ఇద్దరూ మంచివాళ్లే. ఒకాయన సెక్యులర్, ఇంకొకాయన నమాజీ. ఇద్దరి మధ్య నడవని వాదం లేదు. కానీ ఈ ఒక్క విషయంలో ఇద్దరూ తోడబుట్టినవాళ్లే. ఇద్దరికీ ఒక ఆడమనిషి తన ఇల్లు గీసి చూపించింది. ఇద్దరూ ఆ ఇంట్లోకి వచ్చి ఇంకేదో వెతికి, అది దొరకలేదని లేచిపోయారు. మా పేచీ ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఆమె చేసిన పనేమిటో చెప్పాలి. జరీనా 1937లో అలీగఢ్‌లో పుట్టింది. తండ్రి షేక్ అబ్దుర్ రషీద్ అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవాడు. అదే యూనివర్సిటీలో 1958లో ఆమె గణితంలో డిగ్రీ తీసుకుంది. విదేశాంగ శాఖ ఉద్యోగిని పెళ్లాడి బ్యాంకాక్ వెళ్లి, అక్కడ చెక్క మీద చెక్కి అచ్చు వేసే పని మొదలుపెట్టింది. 1960లలో పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియర్ 17లో లోహపు పలకల పని నేర్చింది. 1974లో టోక్యో వెళ్లి తోషీ యోషిదా దగ్గర జపాను వాళ్ల చెక్క అచ్చు చూసింది. ఆ తర్వాత న్యూయార్క్ చేరింది. 1977లో భర్త చనిపోయాడు. ఈలోగా, 1959లోనే, ఆమె పుట్టింటివాళ్లు కరాచీ వెళ్లిపోయారు. అలీగఢ్‌లో పుట్టిన ఇల్లుంది, అందులో తనవాళ్లు లేరు. తనవాళ్లు ఉన్న ఊరుంది, అది తన ఊరు కాదు. మిగిలిన జీవితమంతా ఆమె ఆ ఇంటినే చెక్కుకుంటూ పోయింది.

కుంచె పట్టి రంగులు పులిమిన మనిషి కాదు. చెక్క, ఉలి, నల్ల సిరా, చేత్తో చేసిన కాగితం. ఇవే ఆమె సామాన్లు. 1994లో 'తండ్రి ఇల్లు 1898-1994' అని ఒక పలక చేసింది. అది ఇంటి ముఖం కాదు, ఇంటి నక్షా. మేస్త్రీ నేల మీద ముగ్గుపిండితో గీసుకునే నక్షా లాంటిది. 1999లో 36 చెక్క అచ్చులతో 'ఇల్లు ఒక పరాయి చోటు' అనే సంపుటం వేసింది. ముందు ఉర్దూ మాటల జాబితా రాసుకుంది. ఇల్లు, గడప, తలుపు, వాకిలి, గోడ, పరిమళం, దూరం, దారి, సరిహద్దు, భాష. ఒక్కో మాటకూ ఒక్కో బొమ్మ. బొమ్మ అంటే ఒక నిలువు గీత, రెండు అడ్డగీతలు, ఒక నల్ల చదరం. బొమ్మ కింద నస్తలీఖ్ లిపిలో ఆ మాట. కుర్చీ లేదు, మంచం లేదు, మనిషి లేడు. 2001లో 'విభజన రేఖ' వచ్చింది. కాగితం నిండా ఇండియా పాకిస్తాన్ల నడుమ వంకర్లు తిరిగే నల్లని సరిహద్దు గీత తప్ప మరే ఆకారమూ లేదు. 2004లో 'ఇంటి నుంచి ఉత్తరాలు' వచ్చింది. అక్క రాణీ కరాచీలో ఉర్దూలో రాసి, పోస్టు చెయ్యకుండా దాచుకున్న ఉత్తరాల మీద ఈమె ఇళ్ల నక్షాలు, గీతలు అచ్చు వేసింది. ఎనిమిది పలకలు. అమ్మ పోయింది, నాన్న పోయాడు, ఇల్లు అమ్మేశాం అని చెప్పుకోవలసిన కబుర్లు ఆ ఉత్తరాల్లో ఉన్నాయి.

ఇవి న్యూయార్క్ మ్యూజియంలలో ఉన్నాయి. మోమాలో, మెట్రోపాలిటన్‌లో ఉన్నాయి. అక్కడిదాకా పోయి చూసే స్తోమత మాకు లేదు. పుస్తకాల్లో, ఫోటోల్లో చూశాం. 2011లో వెనిస్ బినాలేలో భారతదేశం సొంత పెవిలియన్ పెట్టుకున్నప్పుడు రంజిత్ హోస్కోటే ఎంపిక చేసినవాళ్లలో ఈమె ఒకరు. అంటే దేశానికి ప్రతినిధిగా పోయిన మనిషి. ఆమె ఫోటో మన తెలుగు పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చిందో మీరే చూసుకోండి.

ఇప్పుడు సెక్యులర్ మిత్రుడి ప్రశ్నకు వద్దాం. ఇందులో ముస్లిం ఏముంది?

అయ్యా, మీ కథల్లో, మీ సినిమాల్లో మా ఇల్లు ఎట్లా ఉంటుందో మాకు కంఠతా వచ్చు. దర్వాజ తియ్యగానే అత్తరు వాసన. గోడ మీద కాబా ఫోటో. పచ్చ రంగు పర్దా. పర్దా వెనక రెండు కళ్లు. తలమీద టోపీతో ఒక ముసలి నాన్న, ఆయన నోట వచ్చీరాని తెలుగు. పండగనాడు షీర్‌ఖుర్మా గిన్నె పట్టుకొని పక్కింటి హిందూ పిల్లవాడి కోసం ఎదురుచూసే తల్లి. ఈ సామానంతా మీరు మోసుకొచ్చి మా ఇంట్లో సర్దారు. సర్దేసి, ఇదే మీ ఇల్లు, ఇందులోనే ఉండండి అన్నారు. కాబా ఫోటో మా ఇంట్లో లేదనటం లేదు. ఉంది. దాని కిందే కరెంటు బిల్లులు గుచ్చిన తీగ ఉంది. మూత బిగుసుకుపోయిన కుక్కరుంది. పిల్లదాని ఇంటర్ హాల్ టికెట్టుంది. అటక మీద పెళ్లినాటి జస్తా సందూకు ఉంది. ఇవన్నీ మీ కళ్లకు ఎందుకు ఆనవు? ఇవి మీ ఇంట్లో కూడా ఉన్నాయి గనుక. మీ ఇంట్లో ఉన్నది మా ఇంట్లో కనిపిస్తే అది 'ముస్లిం' కాదు. మీ దగ్గర లేనిదే మేము. మీకు తేడా కావాలి, మనిషి అక్కర్లేదు.

తమాషా ఏమిటంటే మీ ఇంట్లో కూర్చునే కుర్చీ మా కుర్సీయే. తెలంగాణ పల్లెలో దర్వాజ అనని ఇల్లు లేదు. పరదా, రుమాలు, చాకు, మేజా, సందుగ, జంఖానా. ఇవన్నీ అరబ్బీ ఫారసీల నుంచి నడుచుకుంటూ వచ్చి మీ ఇంట్లో కుదురుకున్నవే. మాటలకు మీ ఇంట్లో చోటిచ్చారు. మనుషులను మాత్రం గడప బయటే నిలబెట్టి ఆనవాళ్లు అడుగుతున్నారు.

జరీనా చేసిన పనేమిటంటే ఆ అద్దె సామానంతా బయట పెట్టేసింది. అత్తరు లేదు, పచ్చ రంగు లేదు, కమాను లేదు, నెలవంక లేదు. చెక్క అచ్చులో చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కకుండా ఉంచినచోటే సిరా అంటుతుంది. అంటే ఏది తియ్యాలో తెలిసినవాడే అందులో బొమ్మ వెయ్యగలడు. ఆమెకు తెలుసు. తనను ఇట్లా చూస్తారని తెలిసి, ఆ చూపు ఆనుకునే ప్రతి వస్తువునూ ఉలితో చెక్కిపారేసింది. మిగిలింది గోడ, గడప, తలుపు, వాకిలి. ఇల్లనేదానికి ఇంతకంటే తక్కువ చెయ్యటానికి లేదు. ఇదిగో, మేము కూడా ఇళ్లలోనే ఉంటాం అని చెప్పటానికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

హుసేన్ సంగతి మీరెత్తుతారని మాకు తెలుసు. ఆయన గురించి తక్కువ మాట్లాడం. ఆయన దేవతల్ని గీశాడని ఇళ్ల మీదికి వచ్చారు, కేసుల మీద కేసులు పెట్టారు. 2008లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసినా, 2006లో దేశం విడిచిన ముసలాయన వెనక్కి రాలేకపోయాడు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకుని, 2011లో లండన్‌లో కన్నుమూశాడు. ఆయన రామాయణం గీస్తే మీరు చప్పట్లు కొట్టారు, "చూశారా, ముస్లిమైనా!" అన్నారు. ఆ 'అయినా' లోనే ఉంది అసలు కిటుకు. ముస్లిం కళాకారుడు మీ పురాణం గీస్తే గొప్ప సెక్యులర్, సొంత మతం గీస్తే ఛాందసుడు. తన ఇల్లు గీస్తే? దానికి మీ దగ్గర గడి లేదు. అందుకే 'ఇందులో ముస్లిం ఏముంది' అన్నారు.

ఇంకో రకం మిత్రులున్నారు. వీళ్లు చదువుకున్నవాళ్లు, ఆర్టు తెలిసినవాళ్లు. "గీత విశ్వజనీనం. ఆ ఉర్దూ మాటలతో పనేముంది? రూపాన్ని చూడండి" అంటారు. వినటానికి హాయిగా ఉంటుంది. కానీ అక్కడ మాట ముందు పుట్టింది, గీత తర్వాత పుట్టింది. ఆ మాటలు బొమ్మ కింద రాసిన పేర్లు కావు, బొమ్మకు పునాదులు. పునాది తీసేసి గోడ చూడమంటే ఎట్లా? జపాను అచ్చు బొమ్మ మీద జపాను అక్షరాలుంటే మీకు అడ్డం రాలేదు. మా అక్షరాలే అడ్డమొచ్చాయి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు కూడా 'ఇంత విడిగా ఎందుకు రాయాలి' అన్న గొంతులే లేచాయి. మేము విడిగా ఉన్నామంటే బాధ, కలిసి ఉన్నామంటే అనుమానం. విశ్వజనీనం అనే పెద్ద ఇంట్లోకి అందరూ తమ పేర్లతో వస్తారు. మమ్మల్ని మాత్రం పేరు చెప్పులతో పాటు బయట విడిచి రమ్మంటారు.

ఇక మావాళ్ల సంగతి. ఇంటి గుట్టు అని దాచుకోదలుచుకోలేదు.

ఉర్దూ పత్రిక పెద్దాయన 'తస్వీర్ ఎక్కడుంది' అన్నాడు. తస్వీర్ ఉంటే 'హరాం' అనేవాళ్లు కొందరు, లేకపోతే 'ఇదేం ఆర్టు' అనేవాళ్లు కొందరు. మధ్యలో కళాకారుడు ఏ గోడకు తల బాదుకోవాలి? సరే, ఆయన మనవడు కూడా గీస్తాడనుకుందాం. గీయనివ్వండి. మీ మనవడికి స్కేలు ఇచ్చి, బేటా, మన ఇల్లు గీయి అని ఎప్పుడైనా అన్నారా? డాక్టరో ఇంజనీరో కావాలి, లేకపోతే గల్ఫ్ పోవాలి. బొమ్మలు గీసేవాడు మన ఇళ్లలో దారి తప్పినవాడే.

ఉర్దూ పేరు చెప్పి గుండెలు బాదుకుంటాం. ముషాయిరాలకు పోయి వాహ్వా అంటాం. మా పిల్లలకు ఉర్దూ చదవటం రాదు. రాసేవాళ్లమైన మా ఇంట్లోనే సంగతి ఇది. జరీనా బొమ్మ కింది మాట చదవమంటే మా అమ్మాయి తెల్లమొహం వేసింది. నానమ్మ రాసిన ఉత్తరం కూడా ఆ పిల్లకు బొమ్మే. రాణీ ఉత్తరాల మీద ఇంటి నక్షా అచ్చువేసిన పలక చూసినప్పుడు మాకు గుబులు పుట్టింది. అక్షరం గీతగా మారిపోవటం ఆమె చెయ్యి చేసిన పని. మా ఇంట్లో అది మా నిర్లక్ష్యం చేసిన పని. సర్కారు బడులు మూతబడ్డాయని తిడతాం, తిట్టాల్సిందే. కానీ మా పిల్లల్ని ఆ బడులకు పంపనిది మేమే కదా.

అయితే ఉర్దూ వచ్చినవాడే ముస్లిం అనే షరీఫుల మాటకు కూడా మేము తల ఊపం. జరీనా అలీగఢ్ ప్రొఫెసర్ గారి కూతురు. వాకిలి ఉన్న ఇంట్లో పెరిగింది. మా తెలుగు నేల మీద దూదేకుల ఇళ్లున్నాయి. తరతరాలుగా తెలుగే మాట్లాడే ఇళ్లు. ముందు గది, వెనక గది అని రెండుండవు. ఉన్న ఒక్క గదిలో ఏకుడు బద్ద వేలాడుతుంటుంది. దూదిపోగులు అన్నంలో పడతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ ఇళ్లను హిందువులు సాయిబుల ఇళ్లన్నారు, సాయిబులు సగం సాయిబుల ఇళ్లన్నారు. సంబంధం కలుపుకోవాల్సి వచ్చినప్పుడు 'మీరు దూదేకులా?' అని గొంతు తగ్గించి అడిగే షేకులు, సయ్యదులు, పఠానులు మాలో లేరా? అద్దెకిచ్చేటప్పుడు మమ్మల్ని పేరడిగారని ఏడ్చే మేమే, మాలో కిందివాళ్లను అట్లాగే అడుగుతున్నాం. ఇది మా ఇంటి కుళ్లు. దీన్ని కడుక్కోకుండా బయటివాణ్ణి తిట్టే హక్కు సగమే ఉంటుంది మాకు.

అయినా జరీనా బొమ్మను ఆ ఒక్క గది మనిషి ముందు పెట్టొచ్చు. ఎందుకంటే ఆమె ప్రొఫెసర్ గారి సోఫాలు గీయలేదు, పుస్తకాల బీరువాలు గీయలేదు. వాటిని గీసి ఉంటే అది ఆమె తరగతి వాళ్ల ఇల్లు మాత్రమే అయ్యేది. గడప గీసింది. గడప ఏకుడు బద్ద ఇంటికీ ఉంటుంది. గీత ఖాళీగా ఉంది గనుక ఎవరి సామాను వాళ్లు పెట్టుకోవచ్చు. ఆ ఖాళీని చూసి 'ఏమీ లేదు' అన్నారు మన పెద్దమనుషులు. అది చోటు. ఆ మాత్రం చోటు కోసమే మేము ఊళ్లల్లో తిరుగుతున్నాం.

ఇంకొక మాట మా మగవాళ్లతో. ఇంటి నక్షా ఎవరికి తెలుస్తుంది? ఉదయం పోయి రాత్రి వచ్చేవాడికా? ఊడ్చిన మనిషికి తెలుస్తుంది. ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ గోడ మధ్యాహ్నం వేడెక్కుతుందో, ఏ కిటికీ దగ్గర నిలబడితే సందు చివరిదాకా కనపడుతుందో ఆమెకు తెలుసు. జరీనా ఆ ఎరుకతోనే గీసింది. కానీ ఇల్లు ఆమె పేరున ఉందా? జీవితమంతా ఊడ్చిన ఇంట్లోంచి మూడు మాటలతో బయటికి పంపినప్పుడు మనం ఏం చేశాం? 1980లో న్యూయార్క్‌లో మూడో ప్రపంచ స్త్రీ కళాకారుల ప్రదర్శన పెట్టినవాళ్లలో జరీనా ఒకరు. తెల్ల స్త్రీవాదుల ఇంట్లో తమకు గది లేదని చెప్పటానికి పెట్టిన ప్రదర్శన అది. అక్కడ ఆమె ఆ మాట అనగలిగింది. మన ఆడపిల్లలు మన ఇళ్లలో ఆ మాట అనగలుగుతున్నారా? మేము అననివ్వలేదు గనుకే 2019లో సర్కారు తలాక్ చట్టం పట్టుకొని వాళ్ల రక్షకుడి వేషం కట్టింది. రక్షకుడు వచ్చాడు, బాగానే ఉంది. కాసేపటికి బుల్డోజర్ కూడా ఆయనే తోలుకొచ్చాడు.

ఇంతదాకా వచ్చాక అసలు మాట చెప్పుకోవాలి. ఈ బొమ్మల గురించి ఇంత రాద్ధాంతం ఎందుకంటే, ఇల్లు ఇవాళ మాకు బొమ్మల విషయం కాదు.

నగరంలో ఇల్లు అద్దెకు వెతుక్కున్న ముస్లింను అడగండి. మేము వెతికినప్పటి సంగతి చెబుతాం. టూలెట్ బోర్డు ఉంది. తెలుగు బాగా మాట్లాడతాం కనుక ఫోన్లో అన్నీ కుదిరాయి. గదులు చూశాం, వంటగదిలో షెల్ఫులు చూశాం, అడ్వాన్సు ఎంతో అనుకున్నాం. చివర్లో పేరడిగారు. చెప్పాం. "అయ్యో, మా తమ్ముడొకాయన ముందే మాటిచ్చాడటండీ" అన్నారు. మెట్లు దిగి వెనక్కి చూస్తే బోర్డు అట్లాగే ఉంది. ఒకచోట కాదు, ఐదారు చోట్ల ఇంతే. వాళ్లలో ఒకాయన సభల్లో మత సామరస్యం మీద ఉపన్యాసాలిచ్చే మనిషి. ఆ ఇంటి నక్షా ఇప్పటికీ మాకు గుర్తే. ముందు హాలు, ఎడమ పక్క వంటగది, వెనక చిన్న వరండా. మేము ఉండని ఇంటి నక్షా అది. 'ఇల్లు ఒక పరాయి చోటు' అనే మాటకు అర్థం చెప్పటానికి అలీగఢ్ నుంచి న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు.

ఉన్న ఇంటికైనా భరోసా ఉందా? 2022 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్‌లో శ్రీరామనవమి ఊరేగింపు నాటి గొడవల తర్వాత ఇళ్లు, దుకాణాలు కూల్చారు. అదే నెల 20న ఢిల్లీ జహంగీర్‌పురిలో సుప్రీంకోర్టు ఆపమన్న తర్వాత కూడా కొంతసేపు బుల్డోజర్ నడిచింది. జూన్‌లో ప్రయాగ్‌రాజ్‌లో ఒక ఉద్యమకారుడి మీద నేరం మోపి రెండంతస్తుల ఇల్లు కూల్చేశారు. ఆ ఇల్లు ఆయనది కాదు, భార్యదని కుటుంబం మొత్తుకుంది. ప్రతిచోటా అధికారులు చెప్పిన కారణం ఒక్కటే. అనుమతి లేదు, ఆక్రమణ, నక్షా మంజూరు కాలేదు.

నక్షా! ఈ దేశంలో నక్షా మంజూరు కాని ఇళ్లెన్ని? మన ఊళ్లలో బస్తీలకు బస్తీలు అట్లా లేచినవే. పెద్దమనుషుల మేడల మీద అదనపు అంతస్తులు మంజూరైనవేనా? నక్షా లేకపోవటం నేరమైతే ఊరంతా నేరస్థులే. పేరు చూసి నక్షా అడగటం మాత్రం వేరే సంగతి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, నేరం మోపినంత మాత్రాన ఇల్లు కూల్చటానికి వీల్లేదనీ, ముందు నోటీసిచ్చి 15 రోజుల గడువు ఇవ్వాలనీ చెప్పింది. మంచి మాట. కానీ అప్పటికే కూలిన ఇళ్లకు గోడలు తిరిగి లేవవు. వాటి నక్షాలు వాటిలో ఉన్న ఆడవాళ్ల తలల్లో మాత్రమే ఉన్నాయి. జరీనా తండ్రి ఇల్లు ఎట్లా ఆమె తలలో ఉండిపోయిందో అట్లాగే.

కాగితం సంగతి కూడా అంతే. ఆమె జీవితాంతం కాగితంతో పనిచేసింది. 2020 తొలి నెలల్లో ఢిల్లీ కిరణ్ నాడార్ మ్యూజియంలో ఆమె బొమ్మలు గోడల మీద ఉన్నప్పుడు, అదే ఢిల్లీలో షాహీన్‌బాగ్‌లో ఆడవాళ్లు ఇళ్లు వదిలి రోడ్డు మీద కూర్చున్నారు. పౌరసత్వానికి మతం చూసే చట్టం వద్దని, ఏ కాగితాలు చూపించాలి, ఎందుకు చూపించాలి అని. మ్యూజియంలో కాగితం మీద ఇల్లుంది. రోడ్డు మీద, కాగితం లేకపోతే ఇల్లు లేదన్న భయం ఉంది. మధ్యలో ఉన్నది కొన్ని మైళ్ల దూరం. గ్యాలరీ రాతల్లో స్మృతి, ప్రవాసం, ఏకాంతం వంటి మెత్తటి మాటలు చాలా ఉంటాయి. మేము ఆ మాటల్ని కాదనం. కానీ ఆ గోడకూ ఈ రోడ్డుకూ ఉన్న దారి చూపించకుండా రాసే కళా విమర్శ మాకు అక్కర్లేదు.

ఈ నేలకు కూడా ఇట్లాంటి లెక్క ఒకటుంది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానంలో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తర్వాత జరిగిన మారణకాండలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రజాకార్లు చేసిన అఘాయిత్యాలు పాఠాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా. ఆ తర్వాత తాళాలు పడ్డ ఇళ్లు ఏ పాఠంలోనూ లేవు. ఆ ఇళ్ల నక్షాలు గీసినవాడు మాలో ఒక్కడూ లేడు. నవాబుల దేవిడీల గురించి, గుమ్మటాల గురించి కన్నీళ్లతో పుస్తకాలు రాశాం. బీడీలు చుట్టిన, గాజులు అద్దిన, దూది ఏకిన ఇంటి గడప మీద ఒక్క గీత గీయలేదు. మమ్మల్ని మేము చూసుకోవటంలో కూడా సినిమా వాళ్లను మించి ఎక్కువ చూడలేదు.

అందుకే మా కుర్రాళ్లతో, ముఖ్యంగా అమ్మాయిలతో మేమనేది ఇదే. మీ అస్తిత్వం అంటే మీరు బాధితులుగా కనపడే ఫోటో మాత్రమే కాదు. కాలిన ఇంటి గురించి రాయండి, తప్పకుండా రాయండి. కాలకముందు ఆ ఇల్లు ఎట్లా ఉండేదో కూడా రాయండి. నీళ్ల కుండ ఎక్కడుండేది, రేడియో ఎక్కడుండేది, అమ్మీ నమాజు చాప ఏ గోడవైపు పరిచేది, అబ్బా సైకిలు ఎక్కడ ఆనించేవాడు. ఆ ఇల్లు లోకానికి తెలిస్తేనే కాలినప్పుడు ఏం కాలిందో తెలుస్తుంది. లేకపోతే మసి మాత్రమే మనది అనుకుంటారు. ఉర్దూలో రాయగలిగితే ఉర్దూలో, తెలుగులో రాయగలిగితే తెలుగులో. ఏ భాషలో రాసినా ఎవరి అనుమతీ అడగొద్దు, ఎవరూ అడగకుండా ఆనవాళ్లు చూపించొద్దు.

సెక్యులర్ మిత్రులతో ఒక్కటే మాట. మా ఇంటికి రండి. బిర్యానీ లేని రోజున రండి. పప్పు, పచ్చడి ఉన్న రోజున రండి. గోడ మీద ఏముందో వెతక్కుండా కాసేపు కూర్చోండి. పోయేటప్పుడు మీ వీధిలో టూలెట్ బోర్డు ఎక్కడుందో చెప్పండి. ఆ ఇంటివాడితో మా పేరు చెప్పి, వీళ్లు మావాళ్లు అనండి. సామరస్యం మీద వంద ఉపన్యాసాల కన్నా ఆ మాట బరువైనది.

ఇక వ్యాసం తిప్పి పంపిన ఆ ఇద్దరికీ ఇప్పుడు జవాబు. ఇందులో ముస్లిం ఏముంది అన్నారు, తస్వీర్ ఎక్కడుంది అన్నారు. గడప ఉంది. తలుపు ఉంది. నాలుగు గోడలున్నాయి. ఒక ఆడమనిషి ఎనభై ఏళ్లు మోసుకు తిరిగిన ఇల్లుంది. అది మీకు కనపడకపోతే లోపం గీతలో లేదు. మేము ఇల్లు చూపించాం. ఇక మీదట సోదా చెయ్యటానికి రావద్దు, చుట్టంగా రండి.